‘బోసెయాదోర్’కి తెలుగు మాట: ఆరేళ్ళు వాడి చూశాక

బొలీవియాలోని లా పాస్‌లో, ఆ పైనున్న ఎల్ ఆల్తోలో మినీబస్సు తలుపు దగ్గర నిలబడి రూటు కేకేసే మనిషిని ‘బోసెయాదోర్’ అంటారు. ఆడపిల్లయితే ‘బోసెయాదోరా’. రాయడం ‘వ’తో రాసినా స్పానిష్‌లో పలికేది ‘బ’నే. పెద్దవాళ్ళూ ఈ పని చేస్తారు, పిల్లలూ చేస్తారు. నా దగ్గరికి వచ్చే ఇంటర్వ్యూలన్నీ పిల్లలవి. స్పానిష్ నుంచి తెలుగులోకి సబ్‌టైటిల్స్ రాయడం నా పని. ఆరేళ్ళలో ఈ ఒక్క మాటకి ఐదు తెలుగు మాటలు వాడాను. ఏది ఎంతవరకు పనికొచ్చిందో, ఎక్కడ మోసం చేసిందో రాస్తున్నాను. ఇదే పనిలో ఉన్నవాళ్ళకి కొంత కాలం కలిసొస్తుంది.

ముందు ఆ గొంతు ఎలా ఉంటుందో చెప్పాలి. నేను మొదట విన్న రికార్డింగులో పదమూడేళ్ళ అమ్మాయి ఉంది. బస్సు ఇంకా ఆగకుండానే తలుపు జరిపిన చప్పుడు, వెంటనే ఒక్క ఊపిరిలో ‘ప్రాదో-ఇసబెల్-ఒబ్రాహెస్-కాలకోతో-సాన్‌మిగేల్’. చివరి పేరు దగ్గర గొంతు సాగదీసి వదులుతుంది. దానివల్లే రోడ్డు అవతల ఉన్నవాడికి కూడా బస్సు ఎక్కడిదాకా పోతుందో తెలుస్తుంది. మళ్ళీ ఊపిరి, మళ్ళీ అవే ఐదు పేర్లు. మధ్యలో చిల్లర లెక్కపెట్టడం, ‘వెనక సీటు ఖాళీ’ అని చెప్పడం. లా పాస్ దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉంది, ఎల్ ఆల్తో 4,000 దాటుతుంది. మామూలుగా నడిస్తేనే ఆయాసం వచ్చే గాలి అది. అక్కడ పొద్దుటి నుంచి రాత్రి దాకా అరవడమే ఈ పని.

పెద్ద స్పానిష్ నిఘంటువు ఈ మాటకి గట్టిగా అరిచేవాడు, చాటింపు వేసేవాడు, కొన్ని దేశాల్లో పేపర్లు అమ్మేవాడు అనే అర్థాలిస్తుంది. అవన్నీ సరైనవే, బస్సు మాత్రం రాదు. నేను వాడే అనువాద యాప్ ‘అనౌన్సర్’ అంది. రేడియో స్టేషన్‌లో కూర్చున్న మనిషి కళ్ళ ముందుకొచ్చాడు.

కాబట్టి నేనే వెతుక్కున్నాను. మొదటి ఆరు నెలలు ‘కండక్టర్’ వాడాను. చదవడానికి హాయిగా ఉంటుంది, ఎవరికీ వివరించక్కర్లేదు. చిక్కంతా అక్కడే. కండక్టర్ అనగానే మనకి ఖాకీ బట్టలు, టికెట్ మిషను, నెల జీతం గుర్తొస్తాయి. ఈ పిల్లలకి ఆ మూడూ లేవు. చూసినవాళ్ళు ‘అంత చిన్నపిల్లకి గవర్నమెంటు ఉద్యోగం ఎలా ఇచ్చారు’ అని అడిగారు. ఆ రోజే మానేశాను.

తరవాత ‘క్లీనర్’. బతుకు పరంగా ఇదే అన్నిటికన్నా దగ్గర. డ్రైవరు మీద ఆధారపడటం, డ్రైవరు చేతి నుంచి రోజు కూలి తీసుకోవడం, తిట్లు తినడం, చిన్న వయసు, అన్నీ అందులో ఉన్నాయి. గొంతు కూడా ఉంది. లారీ వెనక నిలబడి ‘రానీ రానీ, హోల్డాన్’ అనేది క్లీనరే కదా. కానీ ఆ కేక డ్రైవరు కోసం. బోసెయాదోర్ కేక రోడ్డు మీది జనం కోసం. ఈ తేడా నాకు తట్టడానికి ఏడాది పట్టింది. తట్టాక మాట మార్చక తప్పలేదు.

‘కేక కుర్రాడు’ బాగుందనుకుని పెట్టాను. కాలేజీ పిల్లలు చదివి ‘అదరగొట్టే కుర్రాడు’ అనుకున్నారు. ఇప్పుడు ‘కేక’కి ఆ అర్థం స్థిరపడిపోయింది, దాన్ని తప్పనడానికి లేదు. ‘పిలుపు కుర్రాడు’ అంటే మా అమ్మ ‘పెళ్ళి పిలుపులకా?’ అంది. గోదావరి జిల్లాలో ఏ ఇంట్లో అడిగినా అదే అంటారు.

చివరికి నిలబడింది ‘రూటు పిలిచే పిల్లాడు’, ‘రూటు పిలిచే పిల్ల’. నాలుగేళ్ళుగా ఇదే. రూటు అన్నది మన బస్టాండు మాట. షేర్ ఆటో దగ్గర ‘కోటి కోటి కోటి’ అని విన్నవాళ్ళెవరికైనా ‘పిలిచే’ అనగానే ఆ గొంతు వినిపిస్తుంది. పిల్లలు స్పానిష్‌లో ‘యో బోసెయో’ అంటారు. ‘నేను రూటు పిలుస్తా’ అని పెడితే సరిపోతుంది. (ఇంటర్నెట్‌లో ‘బోసెయో’ అని వెతికితే ‘బోస్’ అనే సర్వనామం వాడకం గురించిన వ్యాకరణ పాఠాలు వస్తాయి. కంగారు పడొద్దు, అది వేరే.)

లోపాలున్నాయి. పొడుగు. రెండు లైన్ల సబ్‌టైటిల్‌లో సగం ఇదే తినేస్తుంది. రెండోసారి నుంచి ‘రూటు పిల్లాడు’ అని కుదిస్తున్నాను. పెద్దవాళ్ళకి పనికిరాదు, అక్కడ ‘రూటు పిలిచే ఆవిడ’ అనాలి. వేరే దేశాలకి అసలే వాడొద్దు. పెరూ రాజధాని లిమాలో ఇదే పని చేసేవాణ్ణి ‘కోబ్రాదోర్’ అంటారు, అంటే డబ్బు వసూలు చేసేవాడు. స్టాపులోనే ఉండి వచ్చిన బస్సునల్లా నింపేవాడు ‘యెనాదోర్’. ముందు బస్సు ఎంతసేపటి కింద పోయిందో రాసుకుని డ్రైవర్లకి చెప్పి చిల్లర తీసుకునేవాడు ‘దతేరో’. పనామాలో బస్సు కుర్రాణ్ణి ‘పాబో’ అంటారు, మాటకి అర్థం టర్కీ కోడి. గ్వాటెమాలాలో ‘బ్రోచా’, అంటే పెయింటు బ్రష్షు. యాప్‌ని నమ్మితే బస్సు తలుపుకి బ్రష్షు వేలాడుతుంది. దేశానికో మాట వెతుక్కోవాల్సిందే.

ఇక వయసు సంగతి. ‘పిల్లాడు’ తీసేసి ‘సహాయకుడు’ అనో ‘హెల్పర్’ అనో పెట్టమని నన్ను రెండుసార్లు అడిగారు. ఒప్పుకోలేదు. 2008 సర్వే ప్రకారం బొలీవియాలో పనిచేసే పిల్లలు సుమారు 8.5 లక్షలు. 2014 జూలైలో వచ్చిన 548వ చట్టం కనీస వయసు 14 అంటూనే, కొన్ని షరతుల మీద సొంతంగా చేసుకునే పనికి 10 ఏళ్ళ నుంచి, ఒకరి కింద చేసే పనికి 12 నుంచి అనుమతించింది. పనిచేసే పిల్లల సంఘాలే మా పనిని గుర్తించండని వీధికెక్కిన దేశం అది. 2017లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ వెసులుబాటు కొట్టేసింది, 2018లో చట్టం మళ్ళీ 14కి వచ్చింది. డ్రైవరు దగ్గర రూటు పిలిచే పిల్లాడు చేసేది ‘ఒకరి కింద’ పని. వాణ్ణి తెలుగులో ‘సహాయకుడు’ అన్నామంటే ఇంటి పనిలో చెయ్యేసినట్టు వినిపిస్తుంది. మన 2016 బాలకార్మిక సవరణ చట్టంలో బడి వేళల తరవాత కుటుంబ వ్యాపారంలో పిల్లలు సాయం చేయొచ్చన్న వీలుంది కాబట్టి, తెలుగు పాఠకుడికి అది తప్పే కానట్టు అనిపించి ముందుకెళ్ళిపోతాడు. అలాగని అంతటా ‘బాలకార్మికుడు’ అంటే ఆ పిల్లలు రోజూ అనుకునే పని పేరే మాయమైపోతుంది. కేసు కాగితం మీద ఆ మాట వాడండి, పిల్లల నోట పెట్టొద్దు.

పోయిన నెల వచ్చిన ఫైలులో ఆ పదమూడేళ్ళ అమ్మాయినే, ఇప్పుడు పెద్దదయింది, ‘గొంతు పోయిన రోజు ఏం చేసేదానివి?’ అని అడిగారు. ‘మా తమ్ముడు పిలిచేవాడు, వాడికప్పుడు తొమ్మిదేళ్ళు’ అంది. ‘రూటు’ అనే మాట ఆమె అనలేదు, నేనూ కలపలేదు. లైన్‌లో చోటున్నా అలాగే వదిలేశాను.