“18 రకాల” ఉగ్గుపిండి కొనేముందు ఆ 18 పేర్లూ అడగండి

ఆన్‌లైన్‌లో “ఇంట్లో చేసిన ఉగ్గుపిండి” కొనాలనుకుంటున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. గత నెలలో అలాంటి పొడి ఒకటి తెప్పించి, రెండో రోజే పాపను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తవలసి వచ్చింది. అమ్మినవారి పేరు ఇక్కడ పెట్టడం లేదు. ఫిర్యాదు ఇవ్వవలసిన చోట ఇచ్చాను. ఇదే తరహా సరుకు అమ్ముతున్నవారు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి, ఒక పేరు తెలియడం కన్నా ప్యాకెట్టును చూసి పోల్చుకోగలగడమే మీకు ఎక్కువ పనికివస్తుంది.

ఆడపిల్లకు ఐదో నెలలోనే అన్నప్రాసన చేయడం మా ఇంటి ఆచారం. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ వద్దని పిల్లల డాక్టరు గట్టిగా చెప్పారు కాబట్టి, ముహూర్తం నాడు పరమాన్నం నాలుకకు తాకించి ఊరుకున్నాం. ఆరు నిండిన తరువాత మా అమ్మ తెనాలి నుంచి వచ్చి, పది రోజులు ఉండి, మెత్తగా ఉడికిన అన్నంలో పెసరకట్టు, కాస్త నెయ్యి కలిపి, వేళ్ళతో పలుకు లేకుండా మెదిపి తినిపించి వెళ్ళింది. బియ్యం, పప్పులు కడిగి, నీడన ఆరబెట్టి, దోరగా వేయించి ఉగ్గుపిండి పట్టించుకోమని కూడా చెప్పింది. ఇద్దరమూ ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళం, అంత తీరిక ఎక్కడిదని అనుకుని, 18 రకాల ధాన్యాలు, పప్పులు, గింజలతో చేసిన పొడి అరకిలో 680 రూపాయలంటే ఆర్డరు పెట్టింది నేనే. రకాలు ఎన్ని ఎక్కువైతే బలం అంత ఎక్కువని అప్పుడు అనిపించింది. నేను చేసిన పొరపాటు సరిగ్గా అక్కడే ఉంది.

రెండో రోజు ఉదయం పాప రెండు చెంచాలు తిన్న అరగంటకే పెదవుల చుట్టూ ఎర్రబడింది. చూస్తుండగానే మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు లేచాయి, రెండుసార్లు వాంతి అయింది. ఆసుపత్రిలో మందు ఇచ్చి, సాయంత్రం దాకా ఉంచుకుని పంపారు. ఇప్పుడు పాప బాగానే ఉంది. డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న “ఏం పెట్టారు?” అని. “18 రకాల పొడి” అన్నాను. “ఏ 18?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి ఫోన్ చేసి ప్యాకెట్టు రెండు వైపులా ఫొటో తీయించి తెప్పించాను. ముందువైపు బొద్దుగా నవ్వుతున్న పసిబిడ్డ బొమ్మ, “100 శాతం సహజం”, “చక్కెర లేదు” అనే మాటలు ఉన్నాయి. వెనుకవైపు “వేడినీళ్ళలో కలిపి తినిపించండి” అన్న ఒక్క వాక్యం తప్ప, లోపల ఏమున్నదో ఒక్క పేరు కూడా లేదు.

అమ్మిన ఆవిడకు ఫోన్ చేస్తే, “అది మా అమ్మమ్మగారి ఫార్ములా సార్, బయటికి చెప్పం” అన్నారు. మూడోసారి చేసి, డాక్టరుగారు ఎదురుగా ఉన్నారని చెప్పిన తరువాత గాని వాట్సాప్‌లో జాబితా రాలేదు. బియ్యం, రాగులు, పెసరపప్పులతో పాటు అందులో గోధుమ, సోయా, నువ్వులు, వేరుశెనగ, జీడిపప్పు, బాదం, పటికబెల్లం ఉన్నాయి. “చక్కెర లేదు” అంటే తెల్ల పంచదార వేయలేదని అర్థమట. పటికబెల్లం కూడా చక్కెరేనని, ఏడాది లోపు పిల్లలకు చక్కెర గాని ఉప్పు గాని కలపనక్కరలేదని మా డాక్టరు మొదటి రోజే చెప్పి ఉన్నారు.

వేరుశెనగ, జీడిపప్పు లాంటివి పిల్లలకు పెట్టనే కూడదని ఆయన అనలేదు. ఏ కొత్త పదార్థమైనా విడిగా, కొద్దిగా, పగటిపూట పెట్టి, రెండు మూడు రోజులు గమనించిన తరువాతే ఇంకొకటి మొదలుపెట్టాలన్నారు. గింజలను మెత్తని ముద్దగానో పొడిగానో మాత్రమే ఇవ్వాలని, పలుకులుగా ఇస్తే గొంతులో అడ్డుపడతాయని కూడా హెచ్చరించారు. ఒకేసారి 18 రకాలు కలిపి పెట్టినందువల్ల, పాపకు పడనిది ఏదో ఈ రోజుకీ తేలలేదు. ఇక నుంచి అనుమానం ఉన్న ప్రతిదాన్నీ వైద్యుల పర్యవేక్షణలో ఒక్కొక్కటిగా పరీక్షించుకోవాలి. ఆ 680 రూపాయల పొడి మాకు మిగిల్చిన పని ఇది.

పొడితో పాటు ఉచితంగా వచ్చిన “ఆహార పట్టిక” అంతకన్నా ప్రమాదకరమైనది. నాలుగో నెల నుంచే పొడి మొదలుపెట్టమని, రోజుకు ఐదుసార్లు తినిపించి తల్లిపాలు మూడుసార్లకు తగ్గించమని, బిడ్డ చెంచాతో తినకపోతే పల్చగా కలిపి పాలపీక చిల్లు పెద్దది చేసి సీసాతో పట్టమని, మలబద్ధకం వస్తే తేనె నాకించమని అందులో ఉంది. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఏడాది లోపు పిల్లల పేగుల్లో పెరిగి, కండరాలను చచ్చుబరిచే బోటులిజం అనే జబ్బు తెస్తాయి. ఇక ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలకు రోజుకు రెండు మూడుసార్లు, తొమ్మిది నుంచి పదకొండు నెలల వారికి మూడు నాలుగుసార్లు పెడితే చాలునని, తల్లిపాలు రెండేళ్ళ వరకూ, ఆ తరువాత కూడా కొనసాగించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలి. చెంచా వంచితే నీళ్ళలా జారిపోయే జావతో కడుపు నిండుతుంది గాని బలం రాదు.

చట్టం గురించి నాకూ ఇన్నాళ్ళూ తెలియదు. శిశువుల పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాలు, శిశు ఆహారాలకు సంబంధించి 1992లో వచ్చి, 2003లో సవరణ పొందిన కేంద్ర చట్టం ప్రకారం, ఆరు నెలలు దాటి రెండేళ్ళ లోపు పిల్లలకు తల్లిపాలతో పాటు పెట్టమని అమ్మే ఏ ఆహారానికైనా, దాన్ని ఏ పేరుతో పిలిచినా సరే, ప్రకటనలు ఇవ్వకూడదు. దాని లేబులు మీద పసిబిడ్డ బొమ్మ కూడా ఉండకూడదు. అంటే ఉగ్గుపిండి అన్నంత మాత్రాన మినహాయింపు దొరకదు. ఏ బొమ్మను చూసి నేను ముచ్చటపడ్డానో, అదే ఆ ప్యాకెట్టు నిబంధనలను పాటించడం లేదనడానికి మొదటి గుర్తు.

రెండో గుర్తు లైసెన్సు నంబరు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఏ.ఐ. ఇచ్చే లైసెన్సుకు గాని, చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషనుకు గాని 14 అంకెలు ఉంటాయి. మా ప్యాకెట్టు మీద ఉన్నవాటిని మా ఆవిడ వేలు పెట్టి లెక్కపెడితే 13 తేలాయి. 14 ఉన్నా అంతటితో సరిపెట్టుకోకుండా, ఆ నంబరును ఎఫ్‌.ఎస్‌.ఎస్‌.ఏ.ఐ. వెబ్‌సైటులో వేసి, అది ఎవరి పేరున ఉందో, ఏ సరుకుకు ఇచ్చారో చూడండి. పదార్థాల పేర్లు, తయారీ తేదీ, ఎన్నాళ్ళలోపు వాడాలన్నది ప్యాకెట్టు మీద లేకపోతే, అమ్మేవారు ఎంత తెలిసినవారైనా తీసుకోకండి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేసిన మూడో రోజున ఆ ఆవిడే ఫోన్ చేసి, నేను రాసిన రివ్యూ తీసేస్తే డబ్బు వాపసు ఇస్తామన్నారు. తీయనన్నాను. మిగిలిన పొడిని ప్యాకెట్టుతో సహా మూతి కట్టి, బిల్లు, వాట్సాప్ జాబితా ప్రింటు కలిపి అలమారలో పెట్టాను. మీ ఇంట్లోనూ ఇలాంటిది జరిగితే కోపంలో ప్యాకెట్టును చెత్తబుట్టలో వేయకండి, డాక్టరుకు గాని అధికారులకు గాని చూపించడానికి మీ చేతిలో మిగిలేది అదొక్కటే.