రిటైరయ్యాక: పార్ట్‌టైమా, పూర్తి విశ్రాంతా?

బ్యాంకులో రిటైరయ్యాక చెన్నై టీ నగర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో ఒంటిపూట పని చేస్తున్నాను. మా వదినగారు టీచరుగా రిటైరై ఇంటిపట్టునే ఉన్నారు. ఇద్దరం కలిస్తే ఇదే చర్చ.

డబ్బు సంగతి త్వరగానే తేలిపోతుంది. ఆవిడకి పెన్షనూ, సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో మూడు నెలలకోసారి పడే వడ్డీ చాలు. అందులో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. నాకు రాబడి అదనం, లెక్కలూ అదనం. వ్యాపారం, వృత్తి ఆదాయం లేకపోతే 60 దాటినవాళ్లకి అడ్వాన్స్ టాక్స్ (ఏడాది ముగియకముందే వాయిదాల్లో కట్టే పన్ను) బెడద ఉండదు. కన్సల్టెంట్ ఫీజుగా తీసుకుంటే ఆ మినహాయింపు పోతుంది, జీతంగా ఇస్తే పోదు. చేరేముందే తేల్చుకోవాలి.

మనసు సంగతే తేలదు. జీఎస్టీ లెక్కల్లో తేడా పట్టుకున్నప్పుడు "ఎలా కనిపెట్టారు మేడమ్?" అంటూ కుర్రాళ్లు కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు. ప్రాణం లేచొస్తుంది. అదే రోజు మనవరాలు ఫోన్ చేసి, "ఆఫీసులో ఉన్నావా అమ్మమ్మా, సరేలే" అని పెట్టేస్తే ఉసూరుమంటుంది. వదినగారు పొద్దున్నే మైలాపూరులో నాగేశ్వరరావు పార్కుకి వెళ్తారు (మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే), వచ్చి తీరిగ్గా రెండో కాఫీ తాగుతారు. నాకూ ఆశగానే ఉంటుంది. కానీ "మధ్యాహ్నం మూడయితే పొద్దు కదలదమ్మా" అన్నదీ ఆవిడే.

నా ఓటు పార్ట్‌టైముకే. కాకపోతే మార్చి, సెప్టెంబరు రద్దీలో కూడా పూట దాటి ఉండనని ముందే చెప్పేయాలి. ఆరోగ్యం అంతంతమాత్రమైనా, ఇంట్లో కనిపెట్టుకోవలసిన మనిషి ఉన్నా వదినగారి దారే మేలు.