ప్రైవేట్‌బిన్, యోపాస్: సొంత కంటైనరులో ఏది నడపడం మేలు?

సర్వరు పాస్‌వర్డును చాట్ గ్రూపులో పెట్టి, అవతలివారు చూశాక చెరిపేద్దామనుకుని మరచిపోవడం ఈ వృత్తిలో ఉన్నవారిలో చాలామందికి అనుభవమే. ఆరు నెలల తర్వాత ఆ గ్రూపులో చేరినవారు వెతికినా ఆ సందేశం దొరుకుతుంది. అందుకే పాస్‌వర్డులు, ఏపీఐ కీలు (ఒక ప్రోగ్రాము మరో సర్వీసులోకి ప్రవేశించడానికి వాడే రహస్య సంకేతాలు), కాన్ఫిగ్ ఫైళ్ల ముక్కలు పంపుకోవడానికి, గడువు తీరగానే చెరిగిపోయే లింకులిచ్చే సర్వీసును సొంతంగా నడుపుకోవాలని ఎందరో అనుకుంటారు. ఆ పనికి ఎక్కువగా వినిపించే పేర్లలో రెండు ప్రైవేట్‌బిన్, యోపాస్. రెండూ ఓపెన్ సోర్స్, రెండూ డాకర్‌లో, అంటే ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి కంటైనరు అనే విడి పెట్టెలో నడిపే సాధనంలో, తేలిగ్గా లేచి నిలబడతాయి.

ఈ రెంటినీ పోల్చేటప్పుడు ఎన్‌క్రిప్షన్ (కీ లేనివారు చదవలేకుండా రాతను మార్చడం) దేనిది గట్టిదన్న ప్రశ్న సహజంగా ముందు వస్తుంది కానీ, నా దృష్టిలో దానితో తేలేది ఏమీ లేదు. 2012లో వచ్చిన జీరోబిన్ నుంచి చీలి 2016లో ఇప్పటి పేరు పెట్టుకున్న ప్రైవేట్‌బిన్ 256 బిట్ల ఏఈఎస్‌ను జీసీఎం పద్ధతిలో వాడుతుంది; యోపాస్ ఓపెన్‌పీజీపీని వాడుతుంది. రెండూ పేరున్న ఎన్‌క్రిప్షన్ పద్ధతులే. రెంటిలోనూ రాత బ్రౌజరులోనే ఎన్‌క్రిప్ట్ అయి సర్వరుకు చేరుతుంది. కీ మాత్రం లింకులో హ్యాష్ గుర్తు తర్వాతి భాగంలో ఉంటుంది. ఆ భాగాన్ని బ్రౌజరు సర్వరుకు పంపదు కనుక సర్వరు లాగుల్లో (అది నమోదు చేసుకునే చిట్టాల్లో) గానీ, మధ్యవర్తిగా నిలిచే ప్రాక్సీ సర్వరు లాగుల్లో గానీ కీ పడదు. అసలు తేడా ఎన్‌క్రిప్ట్ అయిన రాత ఎక్కడ నిలుస్తుంది, ఎంతకాలం నిలుస్తుంది అన్న చోట ఉంది.

ప్రైవేట్‌బిన్ మామూలుగా దానిని డిస్కు మీద ఫైలుగా రాస్తుంది. కావాలంటే డేటాబేసులోనో, ఎస్3 తరహా క్లౌడ్ స్టోరేజిలోనో పెట్టమనవచ్చు. డేటా ఫోల్డరులోకి వెళ్లి అలాంటి ఒక ఫైలును తెరిచి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. మొదటి వరుసలో ఎవరైనా నేరుగా తెరవబోతే 403 (అనుమతి లేదు) అని తిప్పికొట్టే చిన్న పీహెచ్‌పీ ముక్క, దాని కింద జేసన్ అనే రూపంలో డేటా ఉంటాయి. అందులో అసలు రాత అర్థంకాని అక్షరాల గుట్టే. అయితే పక్కనే కీ తయారీలో లెక్కను ఎన్నిసార్లు తిప్పారన్న సంఖ్య, రాత మామూలు పాఠమా ప్రోగ్రాము కోడా అన్న గుర్తు, చదవగానే చెరపాలా వద్దా అన్న గుర్తు, గడువు తేదీ బాహాటంగానే కనిపిస్తాయి. ఏముందో తెలియకపోయినా ఎంత పొడవుందో, ఎప్పటిదాకా ఉంటుందో సర్వరు నడిపేవారికి తెలుస్తుందన్నమాట.

యోపాస్ డిస్కు జోలికి పోదు. గో భాషలో రాసిన ఆ సర్వరు రహస్యాలను పక్కనే మరో కంటైనరులో నడిచే మెమ్‌క్యాష్‌డ్‌లోనో రెడిస్‌లోనో దాస్తుంది; రెండూ డేటాను మెమరీలో ఉంచే ప్రోగ్రాములే. మెమ్‌క్యాష్‌డ్ పెట్టుకుంటే అంతా మెమరీలోనే ఉంటుంది. కంటైనరును రీస్టార్ట్ చేస్తే మిగిలినవన్నీ పోతాయి. ఇది లోపమని కొందరంటారు గానీ, పాస్‌వర్డు పంపడానికైతే నేను దీనిని సుగుణంగానే లెక్కిస్తాను, ఎందుకంటే లింకు పనిచేయకపోతే మరొకటి పంపడం అర నిమిషం పని. అయితే మెమ్‌క్యాష్‌డ్‌కు ఇచ్చిన మెమరీ, మామూలుగా 64 మెగాబైట్లు, నిండితే గడువు తీరని పాత రహస్యాలను కూడా అది తోసేస్తుందని గుర్తుంచుకోవాలి. రెడిస్ విషయంలో ఎదురయ్యే చిక్కు వేరు: ఏ మార్పూ చేయని రెడిస్ తన డేటాను అప్పుడప్పుడు డిస్కు మీదికి దించుతుంది. మెమరీలోనే ఉండాలన్న ఉద్దేశంతో యోపాస్‌ను ఎంచుకుని, ఆ దించడాన్ని ఆపకుండా రెడిస్‌ను జతచేస్తే ఎంచుకున్న కారణమే నీరుగారిపోతుంది.

లేపడంలో ప్రైవేట్‌బిన్ పైకి సులువుగా కనిపిస్తుంది. ఒక్క కంటైనరులోనే వెబ్ సర్వరు ఎంజిన్ఎక్స్, పీహెచ్‌పీ రెండూ ఉంటాయి, 8080 పోర్టులో వింటుంది, డేటా ఫోల్డరు తప్ప మిగతాదంతా రీడ్-ఓన్లీగా నడపవచ్చు. నేను మొదటిసారి పెట్టినప్పుడు పేజీ చక్కగా తెరుచుకుంది కానీ, పంపు బటన్ నొక్కగానే రాత దాచలేకపోయామన్న ఎర్రపట్టీ వచ్చింది. కారణం వెతకడానికి గంట పట్టింది: హోస్టులో ఫోల్డరును రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజరు) పేరుతో సృష్టించాను, కంటైనరు లోపలి ప్రక్రియ మాత్రం 65534 అన్న యూజరు, 82 అన్న గ్రూపు కింద నడుస్తుంది. ఫోల్డరు యాజమాన్యం ఆ అంకెలకు మార్చాక సమస్య తీరింది.

హెచ్‌టీటీపీఎస్ లేకుండా ప్రైవేట్‌బిన్ పనికి రాదు, ఎందుకంటే అది వాడుకునే వెబ్ క్రిప్టో అన్న సదుపాయాన్ని బ్రౌజర్లు సురక్షితమైన కనెక్షన్ మీదే ఇస్తాయి. లోకల్‌హోస్ట్‌కు మినహాయింపు ఉండటం వల్ల సొంత కంప్యూటరులో పరీక్షించినప్పుడు పనిచేసి, సహోద్యోగి ఐపీ అడ్రసుతో తెరిచినప్పుడు చేయకపోవడం జరుగుతుంది. ఇక దాని ముందు రివర్స్ ప్రాక్సీని, అంటే బయటి కోరికలను అందుకుని లోపలికి చేరవేసే సర్వరును, పెట్టాక ఇంకొకటి చూసుకోవాలి. ఒక అడ్రసు నుంచి పది సెకన్లకు ఒక రాతనే తీసుకోవాలన్న పరిమితి ఇందులో ముందే ఉంటుంది. ప్రాక్సీ వెనుక అందరూ ఒకే అడ్రసు నుంచి వచ్చినట్టు కనిపిస్తారు కనుక, ఒకరు పంపిన వెంటనే మరొకరు పంపబోతే ఆగమంటుంది. అసలు పంపినవారి అడ్రసును ప్రాక్సీ రాసి పంపే ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌ను చూడమని కాన్ఫిగ్‌లో ఒక వరుస రాస్తే సరిపోతుంది.

గడువుల సంగతికి వస్తే, యోపాస్ గంట, రోజు, వారం అని మూడే ఇస్తుంది; ప్రైవేట్‌బిన్‌లో ఐదు నిమిషాల నుంచి ఏడాది వరకు, అసలు గడువే లేకుండా కూడా పెట్టుకోవచ్చు. వెసులుబాటు ఎక్కువన్నది నిజమే. కానీ ప్రైవేట్‌బిన్ గడువు తీరిన ఫైళ్లను గడియారం చూసి ఊడ్చదు. ఎవరైనా కొత్త రాత పంపినప్పుడు కొన్నింటిని, లేదా ఆ పాత లింకునే ఎవరైనా తెరిచినప్పుడు దానిని తీసేస్తుంది. వాడకం తక్కువగా ఉన్న సర్వరులో చెరిగిపోయాయనుకున్నవి డిస్కు మీద రోజుల తరబడి ఉండిపోగలవు. దీనికి తోడు రోజూ రాత్రి బ్యాకప్ తీసే అలవాటు ఉంటే, చదవగానే చెరగాల్సిన రాత కూడా బ్యాకప్‌లో నిలుస్తుంది. లింకు ఎవరి చాట్‌లోనో, బ్రౌజరు చరిత్రలోనో మిగిలి ఉంటే, ఆ బ్యాకప్ ఫైలుతో కలిపి రాతను మళ్లీ తెరవవచ్చు. అందుకని ఆ ఫోల్డరును బ్యాకప్ నుంచి తప్పించడం మంచిది.

ఇంతకీ ఏది మేలంటే, పంపేది ఏమిటన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎర్రర్ లాగులు, పొడవైన స్క్రిప్టులు నలుగురు కలిసి చూడాలనుకుంటే ప్రైవేట్‌బిన్‌కే నా ఓటు. రంగుల్లో కోడు చూపుతుంది, రాత కిందనే చర్చ పెట్టుకోనిస్తుంది, ఆ చర్చ కూడా ఎన్‌క్రిప్ట్ అవుతుంది. యోపాస్‌లో మామూలుగా రహస్యం పొడవు పరిమితి 10,000 అక్షరాలే కనుక లాగులకు చాలదు. పాస్‌వర్డులు, టోకెన్లే పంపేదైతే యోపాస్ మేలు. టెర్మినల్ నుంచి నేరుగా పంపే క్లయింటు దానితోనే వస్తుంది. పైగా కీ కలిసిన లింకును ఇవ్వడంతో పాటు, కీ లేని చిన్న లింకును, కీని విడివిడిగా కూడా చూపుతుంది. లింకును మెయిల్లో పంపి కీని ఫోనులో చెప్పవచ్చు. ప్రైవేట్‌బిన్‌లో కీ ఎప్పుడూ లింకులోనే ఉంటుంది కనుక, అదే పని కావాలంటే అదనంగా పాస్‌వర్డు పెట్టి దానిని వేరే దారిలో చెప్పాలి.

ఏది ఎంచుకున్నా ఒక పరిమితి ఉమ్మడిగా ఉంటుంది. ఎన్‌క్రిప్ట్ చేసే జావాస్క్రిప్టును పంపేది ఆ సర్వరే. దానిని చేజిక్కించుకున్నవారు స్క్రిప్టును మార్చి, అప్పటి నుంచి తెరిచే ప్రతి లింకులోని కీనీ తమకు రప్పించుకోగలరు. కనుక కంటైనరు ఇమేజిని లేటెస్ట్ అన్న ట్యాగుతో కాక నిర్దిష్టమైన వెర్షను సంఖ్యతో పెట్టుకుని, మార్పుల జాబితా చదివాకే కొత్తదానికి మారుతున్నాను. ఆ సర్వరులోకి లాగిన్ అయ్యే హక్కును కూడా ఇద్దరికే ఉంచాను.