మైనస్ 30 చలిలో నికాన్ ఎఫ్ఎం2: నలభై ఏళ్లు వాడాక రాస్తున్న రివ్యూ

కెమెరా: నికాన్ ఎఫ్ఎం2 (ఫిల్ము కెమెరా), 1982లో వచ్చిన మొదటి రకం. కొన్నది: 1983 చివర్లో, చదువైపోయి ఊరు ఖాళీ చేస్తున్న ఒక సీనియర్ దగ్గర, సెకండ్ హ్యాండ్. వాడింది: ఎక్కువగా రైళ్ల మీద, అదీ చలికాలంలో. రివ్యూలు రాసేవాళ్లు వారం రోజులు వాడి రాస్తారు. నేను కాస్త ఆలస్యం చేశాను, అంతే.

అప్పుడు నేను అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని డికాల్బ్ అనే ఊళ్లో ఎమ్మెస్ చదువుతున్నాను. అప్పటిదాకా మంచు అంటే నాకు ఫ్రిజ్ పై అరలో గడ్డకట్టేదే. ‘షికాగో అండ్ నార్త్ వెస్టర్న్’ రైల్వే మెయిన్ లైను ఆ ఊరి మధ్య నుంచే పోయేది. అమెరికాలో జంట పట్టాలున్న చోట దాదాపు అన్ని కంపెనీలూ కుడివైపు నడిపితే, ఈ కంపెనీ మాత్రం మనలాగా ఎడమవైపు నడిపేది. నాకు దాని మీద మొదట అభిమానం కలిగింది అందుకే. పసుపు, ఆకుపచ్చ రంగుల ఇంజన్లు, వెనక ధాన్యం వ్యాగన్లు, లారీ ట్రైలర్లను మోసుకెళ్లే ఫ్లాట్ వ్యాగన్లు. ప్యాసింజర్ బళ్లు మాత్రం ఆ ఊరికి 1971లోనే ఆగిపోయాయి. వాటి కోసం ఎవరి కారులోనైనా మెండోటా అనే ఊరి దాకా పోవాల్సిందే.

ఇక కెమెరా సంగతి. ఎఫ్ఎం2లో బ్యాటరీకి ఉన్న పని ఒక్కటే, వెలుతురు కొలిచే మీటర్ దీపాలు వెలిగించడం. షట్టర్, అంటే ఫిల్ము మీదికి వెలుగు పడనిచ్చే రేకుల తలుపు, మొత్తం స్ప్రింగులు, పళ్లచక్రాలే. ఒక సెకను నుంచి సెకనులో నాలుగు వేలో వంతు దాకా ఏ వేగమైనా బ్యాటరీ లేకుండానే పనిచేస్తుంది. ఇది కాగితం మీద చదివితే మామూలు మాటే. గడ్డకట్టే చలిలో పట్టాల పక్కన నిలబడితేనే దాని విలువ తెలుస్తుంది. చలికి బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి కరెంటు సరిగా రాదు. నా రూమ్మేట్ దగ్గర ఒక ఎలక్ట్రానిక్ కెమెరా ఉండేది, పేరెందుకు లెండి. బయటికొచ్చిన పావుగంటకే దాని లోపలి అద్దం పైకి లేచి అక్కడే ఇరుక్కునేది. వాడు బ్యాటరీలు తీసి చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేవాడు. ఈలోగా గూడ్స్ కాస్తా వెళ్లిపోయేది. నా మీటర్ దీపాలూ ఆరిపోయేవి. అయితే ఏం, ఫోటో ఆగేది కాదు.

అసలు మంచులో ఆ మీటర్‌ని నమ్మకపోవడమే మంచిదని మొదటి చలికాలం నేర్పింది. మీటర్ ఏది చూసినా మధ్యరకం బూడిదరంగు అనుకుంటుంది. నేలంతా తెల్లగా ఉంటే ‘అబ్బో, ఎంత వెలుతురో’ అని వెలుగు తగ్గించమంటుంది. దాని మాట వినడం వల్ల నా మొదటి రీలులో మంచంతా తడిసిన సిమెంటులా వచ్చింది, ఇంజన్లు బొగ్గు కుప్పల్లా వచ్చాయి. ఆ తర్వాత కోడాక్రోమ్ 64 అనే స్లైడ్ ఫిల్ముకి ఒకటే లెక్క పెట్టుకున్నాను. పూర్తి ఎండలో సెకనులో 500వ వంతు, ఎపర్చర్ (లెన్సులో వెలుగు దూరే రంధ్రం) 5.6. పొద్దు బాగా కిందికి ఉంటే ఇంకో మెట్టు తెరవడం. గంటకు 60 మైళ్లతో వచ్చే బండి సెకనుకు 27 మీటర్లు కదులుతుంది, అంటే ఆ 500వ వంతులో అయిదు సెంటీమీటర్ల పైమాటే. అడ్డంగా పోతుంటే అలుక్కుపోతుంది. ఎదురుగా వస్తున్నప్పుడు ఏటవాలుగా తీస్తే అంత తెలియదు.

ఎపర్చర్ రింగు ఒక్కో మెట్టుకీ టిక్కుమంటుంది. గ్లౌజు మీదుగా కూడా ఆ టిక్కు వేలికి తెలుస్తుంది. కళ్లు పట్టాల మీద పెట్టి, వేళ్లతో మెట్లు లెక్కపెట్టుకోవచ్చు. ఈ కెమెరాలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. షట్టర్ వేగం తిప్పే చక్రం మాత్రం చిన్నది, ఊలు గ్లౌజుతో తిప్పడం కుదరదు. గ్లౌజు తీశామా, నిమిషంలో వేళ్లు కొంకర్లు పోతాయి.

తిట్టాల్సినవీ ఉన్నాయి. ఫిల్ము తిప్పే లివర్ కొంచెం బయటికి లాగి ఉంచితేనే మీటర్ వెలుగుతుంది, బటన్ నొక్కుడు పడుతుంది. లోపలికి నెట్టేస్తే తాళం పడినట్టే. లావు కోటూ గ్లౌజులూ వేసుకుని హడావుడి పడితే చెయ్యి తగిలి అది లోపలికి పోతుంది. బండి సరిగ్గా ముందుకొచ్చాక బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. ఇలా కనీసం నాలుగు బళ్లు పోగొట్టుకున్నాను. ఎడమ కంటితో చూసేవాళ్లకైతే ఆ లివర్ నుదుటికి గుచ్చుకుంటుంది. పైగా ఒళ్లంతా లోహం. ఒకసారి ముక్కు చివర వెనక తలుపుకి అంటుకుని చర్మం లేచింది. ఆ తర్వాత అక్కడ గుడ్డ ప్లాస్టరు అంటించాను. మరక ఇప్పటికీ ఉంది. మన ఊపిరి తగిలి చూసే అద్దం మీద మంచు పేరుకోవడం వేరే బాధ. ఫోటో తీసేంతసేపు ఊపిరి బిగబట్టడం అలవాటైపోయింది.

1985 జనవరి 20, ఆదివారం. షికాగోలో ఆ రోజు మైనస్ 27 ఫారన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్ దాకా దిగింది. ఆ నగరం రికార్డుల్లో అంత తక్కువ ఇంకెప్పుడూ లేదు. వాషింగ్టన్‌లో మర్నాడు ఆరుబయట జరగాల్సిన రీగన్ ప్రమాణ స్వీకారం కూడా చలికే భవనం లోపలికి మార్చారు. మా రూమ్మేట్ కారు స్టార్టు కాలేదు. నేను మంకీ టోపీ తగిలించుకుంటుంటే వాడన్నాడు: “ఒరేయ్, ఆ గూడ్స్ రేపు కూడా వస్తుందిరా.” “రేపు ఇంత చలి ఉండదుగా” అన్నాను. వాడు దుప్పటి ముసుగు తన్నేశాడు.

నడుచుకుంటూ పట్టాల దగ్గరికి పోయాను. అంత చలిలో శబ్దం ఎంత దూరం నుంచి వినిపిస్తుందో చెప్తే నమ్మరు. హారన్ విని ఇదిగో వచ్చేసిందనుకుంటే పది నిమిషాలకి గానీ ఇంజను కనపడలేదు. చాలా బళ్లు మామూలుకన్నా పొట్టిగా అనిపించాయి. చలికి బ్రేకు గొట్టాల రబ్బరు బిగుసుకుపోయి గాలి కారుతుంది. పొడుగాటి బండి అయితే చివరి దాకా గాలి ఒత్తిడి నిలబడదు, అందుకే కుదించేవాళ్లు. షట్టర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. నాలుగు బళ్లు, 36 ఫోటోలు. గెంతులేస్తూ ఇంటికొచ్చి రీలు వెనక్కి చుడుతుంటే చేతికి బరువే తగల్లేదు. ఫిల్ము చలికి పెళుసెక్కి మధ్యలో ఎక్కడో తెగిపోయింది. లివర్ తిరుగుతూనే ఉంది, అంకెలూ పెరుగుతూనే ఉన్నాయి. ఫోటోల లెక్క చూపే అంకె లివర్‌తో పాటు కదులుతుంది, ఫిల్ముతో పనిలేదు. దుప్పటి కింద చీకట్లో దూరి ముక్కలు బయటికి తీశాను. మిగిలింది పదకొండు ఫోటోలు. మూడు బళ్లు గాలికి పోయాయి.

ఇది కెమెరా తప్పు అనను. లివర్ తిప్పినప్పుడల్లా ఎడమవైపు రివైండ్ గుండీ కూడా తిరుగుతోందో లేదో చూసుకోవాలి. తిరక్కపోతే ఫిల్ము కదలనట్టే. ఈ సంగతి నాకు తెలుసు, చూడలేదు. చలిలో లివర్ని నిదానంగా తిప్పాలి కూడా. గబగబా తిప్పితే ఫిల్ము తెగడమొకటే కాదు, ఆ పొడి గాలికి రాపిడి కరెంటు పుట్టి ఫిల్ము మీద మెరుపుల్లాంటి గీతలు పడతాయి. ఫిల్మును మోటారుతో దానంతటదే తిప్పే మోటార్ డ్రైవ్ కొనలేదని అంతకుముందు దిగులుండేది, ఆ రోజుతో పోయింది.

మెండోటాలో తీసినవి బాగా వచ్చాయి. పొద్దు వాలే వేళ పడమటికి పోయే కాలిఫోర్నియా జెఫిర్ అనే ప్యాసింజర్ బండి, రెండంతస్తుల స్టీలు పెట్టెలు, ఎదురెండ సరిగ్గా ఇంజను ముఖం మీద. 105 ఎంఎం లెన్సు పూర్తిగా తెరిచి, 250వ వంతులో తీశాను. బండి వెళ్లాక దాని వెనకే లేచిన మంచు దుమారంలో నేనూ కెమెరా మునిగిపోయాం. లెన్సు మీద పడ్డ మంచుని నోటితో ఊదకూడదు, ఊపిరి గడ్డకట్టి అద్దానికి పట్టేస్తుంది. చిన్న బ్రష్షుతో దులపాలి. ఇంట్లోకి వచ్చే ముందే కెమెరాని బ్రెడ్డు కవర్లో పెట్టి మూతి కట్టేయాలి. తేమ అప్పుడు కవరు మీద పడుతుంది, లెన్సు లోపల కాదు. రెండు గంటలు ఆగి తీస్తే చాలు. ఆ ఆగడమే కష్టం.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర ఆ లివర్ తాళం తినేసింది.

ఇప్పుడు కొనేవాళ్లకి రెండు ముక్కలు. 2001లో తయారీ ఆగిపోయింది, దొరికేవన్నీ పాతవే. వెనక తలుపు అంచుల్లో, అద్దం దగ్గర ఉండే స్పాంజి జిగురుగా మారి ఉంటుంది, మార్పించండి. ఒక సెకను వేగం పెట్టి చెవి దగ్గర వినండి, సాగదీస్తుంటే లోపల నూనె చిక్కబడినట్టు. మొదటి రకంలో షట్టర్ రేకులు టైటానియం, తేనెపట్టులా అచ్చు ఉంటుంది. వాటికి వేలు తగలనివ్వకండి. బ్యాటరీలు సిల్వర్ ఆక్సైడ్ వెయ్యండి, చలికి ఆల్కలైన్ కన్నా కాస్త నయం. ఫిల్ము విషయంలో మాత్రం చెప్పేదేమీ లేదు. కోడాక్రోమ్ 2009లో ఆగింది, కాన్సాస్‌లో దాన్ని కడిగే చివరి ల్యాబ్ కూడా 2010 డిసెంబరు తర్వాత రీళ్లు తీసుకోలేదు.

ఆ పదకొండు స్లైడ్లూ ఉన్నాయి. అట్ట చట్రాల మీద ఫిబ్రవరి 85 అని అచ్చు. ఒకదాంట్లో ఇంజను పైన ఆకాశమంతా చెట్టుకొమ్మల్లా గీతలు. మా అమ్మాయి చిన్నప్పుడు అది పిడుగు అనుకుని, “నాన్నా, నీ మీద పడలేదా?” అని అడిగింది. నేను కాదని చెప్పలేదు.