ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల అంచు ఊళ్లలో సర్కారీ వైద్యం: ఏళ్ల తరబడి వాడాక మా సమీక్ష

ముందే చెప్పేస్తాం. ఈ ఆసుపత్రుల మీద మాకు ఫిర్యాదులు చాలా ఉన్నాయి. అయినా వీటిలో ఒక్క పోస్టు, ఒక్క మంచం తగ్గిస్తామన్నా ఒప్పుకోం. కాశీనగరం, గుణుపురం వైపు వంశధార పక్కనున్న తెలుగు ఊళ్లకూ, పైన కొండల్లోని సవర ఊళ్లకూ అర్ధరాత్రి తలుపు తట్టడానికి ఉన్నవి ఏఎన్ఎం ఉండే సబ్ సెంటర్, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ), దానికన్నా పెద్దదైన సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ), వాటి పైన జిల్లా పెద్దాసుపత్రి. అంతే. పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం పక్కనే కదా, అక్కణ్ణించి శ్రీకాకుళం పోవచ్చు కదా అనేవాళ్ల మనసులో ఉన్నది పట్టపగలు, చేతిలో డబ్బూ వాకిట్లో బండీ ఉన్న రోగి.

రోజువారీ వాడకంలో అన్నిటికన్నా నమ్మకమైంది మందుల కౌంటర్. ఉచిత మందుల నిరామయ 2015లో, ఉచిత పరీక్షల నిదాన్ 2018లో మొదలయ్యాయి. బీపీకి అమ్లోడిపిన్, షుగరుకు మెట్‌ఫార్మిన్ లాంటివి పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. చూసుకోవాల్సిందల్లా నెలకు సరిపడా ఇస్తున్నారా, పదేసి ఇస్తున్నారా అన్నది. సరఫరా సన్నగిల్లితే ముందు జరిగేది స్ట్రిప్పులు కత్తిరించడం. రిజిస్టరులో మందు ఉన్నట్టే. కత్తిరించిన ముక్క మీద మాత్రం మందు పేరూ ఉండదు, గడువు తేదీ ఉండదు. కూలి మానుకుని నెలకు మూడుసార్లు రమ్మంటే మూడోసారి ఎవరొస్తారు? బీపీ మాత్ర మానేసిన రోజున ఒంట్లో ఏమీ తెలియదు, కాలూ చెయ్యీ పడిపోయినప్పుడు తెలుస్తుంది.

కాన్పుల ఏర్పాటు కాగితం మీద చాలా మంచిది, మనుషులున్న చోట నిజంగానూ మంచిది. 2011 నుంచి జననీ శిశు సురక్ష పథకం కింద కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, భోజనం, రానుపోను బండి అన్నీ ఉచితం. వానాకాలం దారులు తెగిపోయే కొండ ఊళ్ల గర్భిణులు నెలలు నిండగానే దిగొచ్చి ఉండడానికి ‘మా గృహ’లు పెట్టారు. ఒడిశా చేసిన మంచి పనుల్లో మేం ముందు లెక్కపెట్టేది దాన్నే.

అయితే ఖర్చు తగ్గింపు దెబ్బ మొదట తగిలేదీ కాన్పుల గదికే. బిడ్డ పుట్టిన నిమిషం లోపల తల్లికి 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కండకు ఇవ్వాలి. ఆ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. జనరేటర్ డీజిలుకు డబ్బులు ఆపేస్తే, ఎండాకాలం కరెంటు పోయిన గంటల్లో ఫ్రిజ్ వేడెక్కుతుంది. చెడిన ఆంప్యూల్ (సూదిమందు గాజు బుడ్డి) చూడ్డానికి మంచిదానిలాగే ఉంటుంది. నర్సు సూది వేస్తుంది, గర్భసంచి గట్టిపడదు, రక్తం ఆగదు.

ఇంకొకటి, గుర్రపువాతం. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చిన గర్భిణిని పెద్దాసుపత్రికి పంపేముందు మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు ఇవ్వాలి, పిరుదుకు 5 గ్రాముల చొప్పున రెండువైపులా. ఆంప్యూల్‌కు ఒక గ్రామే ఉంటుంది. అంటే పది ఆంప్యూళ్లు విరవాలి, సిరంజీల్లోకి లాగాలి. అదే సమయంలో ఆమెను పక్కకు తిప్పి పట్టుకోవాలి, నోట్లో నురుగు తియ్యాలి, బండికి ఫోన్ చెయ్యాలి. రాత్రి డ్యూటీకి ఒక్క నర్సు చాలని లెక్కగట్టినవాళ్లు ఈ పది ఆంప్యూళ్లు ఎవరు విరుస్తారో కూడా చెప్పాలి.

పాముకాటు విషయానికొస్తే, మా ప్రాంతంలో ఆసుపత్రి మంచిచెడ్డలు తేలేది దాని దగ్గరే. ముందు 20 నిమిషాల పరీక్ష. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో పోసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి దాని విషం ఎక్కినట్టు. గొట్టం గాజుదే కావాలి, ఎందుకంటే రక్తాన్ని గడ్డకట్టించేది ఆ గాజు తాకిడే. గాజు గొట్టాలు అయిపోయాయని ప్లాస్టిక్‌వి వాడినా, సబ్బుతో కడిగిన పాతవి వాడినా మంచి రక్తం కూడా గడ్డకట్టనట్టు కనబడుతుంది, అక్కర్లేని మందు ఎక్కుతుంది. కొన్ని రూపాయల వస్తువది. ఇండెంటులో (ఆసుపత్రి కావాలని రాసిచ్చే సామాను జాబితాలో) కోత పడినప్పుడు ముందు కొట్టేసేది ఇలాంటివాటినే.

విషానికి విరుగుడు మొదటి మోతాదు 10 వయల్స్ (చిన్న సీసాలు). పొడిమందు, ఒక్కోదాన్ని 10 మిల్లీలీటర్ల నీటితో కలపాలి. కుదిపితే నురగ వస్తుంది, మెల్లగా తిప్పాలి. సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కించాలి, మందు పడకపోతే ఇవ్వడానికి అడ్రినలిన్ పక్కన సిద్ధంగా పెట్టుకోవాలి. ఆరు గంటల తర్వాత మళ్లీ పరీక్ష. అప్పటికీ గడ్డకట్టకపోతే ఇంకో 10. కాబట్టి పీహెచ్‌సీలో ‘స్టాకు ఉంది, 10 వయల్స్’ అంటే ఒక్క రోగికి సగం వైద్యం ఉన్నట్టు. కట్లపాము సంగతి వేరు. నేలమీద పడుకున్నవాళ్లను రాత్రిళ్లు కరుస్తుంది, వాపు ఉండదు, రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, కనురెప్పలు వాలిపోయి ఊపిరి ఆగుతుంది. అప్పుడు విరుగుడుతో పాటు అంబు బ్యాగ్ (ఊపిరి అందించే చేతి సంచి) నొక్కే చెయ్యి కావాలి. పెద్దాసుపత్రికి చేరేదాకా ఆపకుండా.

కోత ఎప్పుడూ ‘మూసేస్తున్నాం’ అంటూ రాదు. ల్యాబ్ టెక్నీషియన్‌ను రెండు పీహెచ్‌సీలకు కలిపి వేస్తారు, రోజు విడిచి రోజు వస్తాడు. కాంట్రాక్టు పూర్తయిన ఏఎన్ఎం స్థానం ఖాళీగా వదిలేస్తారు. 24 గంటల ఆసుపత్రి పగటి ఓపీగా మారుతుంది. కొంతకాలానికి ‘రోగులు రావట్లేదు’ అన్న లెక్క బయటికొస్తుంది. సబ్ సెంటర్‌ను కాన్పుల కేంద్రంగా గుర్తించాలంటే నెలకు 3కు మించి కాన్పులు జరగాలన్నది కేంద్ర మార్గదర్శకం. ఏఎన్ఎంను తీసేస్తే కాన్పులు ఎలా జరుగుతాయి? జరగలేదని సామాను కూడా ఇవ్వకపోవడం ఏం న్యాయం? జనాభా లెక్కన చూసినా మైదానంలో 5,000 మందికి ఒక సబ్ సెంటర్ అయితే కొండ, గిరిజన ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి ఉండాలి. పీహెచ్‌సీ 30,000కు బదులు 20,000కు. ఈ తేడా పెట్టిందే దారి దూరాన్ని చూసి. విలీనం పేరుతో దాన్ని చెరిపేస్తుంటే ఊరుకోకూడదు.

సీహెచ్‌సీలో ఇంకా దారుణం. సిజేరియన్ చేసే ఆసుపత్రికి 24 గంటల ఆపరేషన్, పుట్టిన బిడ్డ వైద్యం, రక్తం నిల్వ, మూడూ కావాలి. మత్తు డాక్టర్ ఒక్కరు బదిలీ అయి ఆ స్థానం నింపకపోతే సర్జన్, థియేటర్, టేబుల్ అన్నీ ఉండి కూడా రోగిని బరంపురం పంపడమే.

ఆరోగ్య బీమా కార్డు ఉంది కదా అంటారు. 2018లో బిజు స్వాస్థ్య కళ్యాణ్, 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్‌తో కలిపి గోపబంధు జన ఆరోగ్య యోజన. కుటుంబానికి 5 లక్షలు, ఆడవాళ్లకు 10 లక్షల దాకా. పెద్ద ఆపరేషన్లకు అది నిజంగా ఆదుకుంటుంది, కాదనం. కానీ కార్డు పనిచేసేది ఆసుపత్రిలో చేర్చుకున్నాక. బీపీ మాత్రకు, జ్వరం పరీక్షకు, కాటు పడిన మొదటి గంటకు అది పనికిరాదు. అవతల ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) ఆంధ్రావాళ్లకే. 2017 జాతీయ ఆరోగ్య విధానమే డబ్బులో మూడింట రెండొంతులు ప్రాథమిక వైద్యానికి పెట్టమంది.

లోపాలూ చెప్పాలి. డాక్టర్లు సమయానికి రారు. మరుగుదొడ్లకు నీళ్లుండవు. చీటీ ఇంగ్లీషులో, మాట ఒడియాలో. తెలుగు, సవర మాత్రమే వచ్చిన ముసలివాళ్లు పొద్దుటి మాత్ర రాత్రి, రాత్రిది పొద్దుట వేసుకుంటారు. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ 14 రోజులు మింగాలి. జ్వరం తగ్గిందని నాలుగోనాడు మానేస్తే నెలల తర్వాత తిరగబెడుతుంది. ఆశా దీదీ ఇంటికొచ్చి వాళ్ల భాషలో చెబితేనే ఆ కోర్సు పూర్తవుతుంది. ఇవన్నీ మనుషుల్ని పెంచితే తీరే లోపాలు.

కోతను ఎదుర్కోవడానికి నినాదాలకన్నా రిజిస్టర్లు బాగా పనికొస్తాయి. సమాచార హక్కు దరఖాస్తు ఒడిశాలో ఫారం-ఎ మీద, గుర్తింపు కార్డు నకలుతో, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో ఇవ్వాలి. ఒడియా, హిందీ, ఇంగ్లీషుల్లో ఏదైనా సరే, తెలుగు చెల్లదు. ‘సౌకర్యాలు ఎలా ఉన్నాయి’ అని అడిగితే ‘బాగున్నాయి’ అని వస్తుంది. మంజూరైన పోస్టులెన్ని, ఏది ఏ తేదీ నుంచి ఖాళీ. పాము విరుగుడు, ఆక్సిటోసిన్, మెగ్నీషియం సల్ఫేట్ గత 24 నెలల్లో ఏ తేదీల్లో సున్నా. రాత్రి డ్యూటీ రోస్టర్ నకలు. పెద్దాసుపత్రికి పంపిన రోగుల రిజిస్టరులో పేర్లు తీసేసి తేదీ, కారణం. ఇవి అడగాలి. జవాబుకు గడువు 30 రోజులు, రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు. వచ్చిన కాగితాలను పల్లి సభ (ఊరి సభ) తీర్మానానికి జతచేసి, సోమవారం కలెక్టర్ గ్రీవెన్స్‌లో ఇచ్చి, రసీదు నంబరు తీసుకునే బయటికి రండి.