గుమ్మడికాయ సూప్‌లోకి కార్టన్ కొబ్బరి పాలు ఎలా ఉన్నాయంటే

పాలు, క్రీమ్, వెన్న ఏవీ తగలకుండా గుమ్మడికాయ సూప్ చిక్కగా చేసుకోవాలి, దానికి సూపర్ మార్కెట్‌లో దొరికే కొబ్బరి పాల కార్టన్ పనికొస్తుందా లేదా అనేదే ఈ రివ్యూ. ముందే చెప్పేస్తున్నా, పనికొస్తుంది. సూప్ వరకు అయితే ఇంట్లో కొబ్బరి కోరి పిండిన పాల కంటే నాకు ఇదే నచ్చింది. కాకపోతే షెల్ఫ్‌లో కనపడ్డ ప్రతి కార్టనూ కాదు, కొబ్బరి పాల పొడి ప్యాకెట్లయితే లేబుల్ చదవకుండా అసలు తీసుకోవద్దు.

మా అక్కావాళ్ళది గుంటూరు, బ్రాడీపేట. దసరా సెలవులకి పిల్లాడిని తీసుకుని బెజవాడ మా ఇంటికి వస్తారు. వాడికి పాల ఎలర్జీ. పాలు తాగితే కడుపు ఉబ్బరిస్తుంది అంటారే, అది వేరు, అది పాలల్లో ఉండే లాక్టోజ్ అనే చక్కెర అరక్క వచ్చేది, అలాంటివాళ్ళు చాలామంది కాస్త పెరుగు తిన్నా, లాక్టోజ్ తీసేసిన పాలు తాగినా సర్దుకుంటారు. మావాడికి పడనిది పాలల్లోని ప్రోటీన్, చెంచాడు క్రీమ్ లోపలికి వెళ్ళినా ఒళ్ళంతా దద్దుర్లు. నెయ్యి కూడా పెట్టరు, ఎంత కాచి వడకట్టినా ప్రోటీన్ కొంచెమైనా మిగిలి ఉండొచ్చని. హోటల్‌కి వెళ్తే సూప్ మీద క్రీమ్ గీత గీసి తెస్తారు, వద్దని చెప్తే ఆ గీత మానేస్తారు గానీ లోపల వెన్న ముందే వేసి ఉంటుంది, ఇక మిగతా పిల్లలు తాగుతుంటే వాడు చూస్తూ కూర్చోవాలి. "పిన్నీ, ఇది నేను తాగొచ్చా" అని ఏ గిన్నె పెట్టినా అడుగుతాడు. అందరం ఒకే గిన్నెలోది పోసుకుని తాగేది ఒక్కటైనా ఉండాలి అనేది నా పట్టుదల, అందుకే ఈ కార్టన్ల వెనకాల ఇంతగా పడ్డాను.

లేబుల్ సంగతి ముందు చెప్పాలి, ఇది రుచి కన్నా ముఖ్యం. ప్యాకెట్ మీద పచ్చ చుక్క చూసి పాలు లేవు అనుకోవద్దు, పాలు మన లెక్కలో శాకాహారమే కాబట్టి పాలున్న వాటికీ పచ్చ చుక్కే ఉంటుంది. 'నాన్ డెయిరీ' అని పెద్ద అక్షరాలతో రాసిన కేక్ క్రీములు, కాఫీ క్రీమర్లు చాలావాటిలో సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల నుంచి తీసే ప్రోటీనే. కొబ్బరి పాల పొడి ప్యాకెట్లలో కూడా కొన్నిటిలో ఇదే కలుపుతారు, పొడి నీళ్ళల్లో బాగా కలవడానికి. ఇక్కడ ఒక షాపులో "కొబ్బరే కదండీ, పాలెందుకుంటాయి" అని నా చేతిలో పెట్టేశారు, వెనక్కి తిప్పి చదివితే చిన్న అక్షరాల్లో కేసినేట్ ఉంది. ఆ షాపబ్బాయిని నేను తప్పు పట్టట్లేదు, పేరు చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు, అందుకే మనమే చదువుకోవాలి. మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 లేబులింగ్ రూల్స్ ప్రకారం పాల లాంటి ఎలర్జీ పదార్థాలు ఉంటే విడిగా రాయాలి కాబట్టి పదార్థాల జాబితా కింద 'కంటెయిన్స్ మిల్క్' అనే లైన్ ఉందేమో వెతకండి. 2022లో వీగన్ ఫుడ్స్‌కి, అంటే పాలతో సహా జంతువుల నుంచి వచ్చేదేదీ లేనివాటికి, వేరే రూల్స్ వచ్చాయి, పచ్చరంగు 'వి' అక్షరం మీద చిన్న ఆకులున్న గుర్తు కనపడితే కొంత భరోసా, అయినా ఎలర్జీ ఉన్న పిల్లలకైతే జాబితా కూడా చదవాల్సిందే.

ఇక కార్టన్ ఎలా ఎంచుకోవాలి అంటే బ్రాండ్ కన్నా వెనక ఉండే పట్టికలో కొవ్వు ఎంతుందో చూడండి. 100 మి.లీ.కి 17 గ్రాములు, ఆ పైన ఉంటే చిక్కటి పాలు, సూప్‌కి అవి కావాలి. 'లైట్' అని రాసినవాటిలో అందులో సగం కూడా ఉండదు, వాటితో చేస్తే గుమ్మడి గుజ్జు ఒకవైపు నీళ్ళు ఒకవైపు అన్నట్టు ఉంటుంది. కొబ్బరి డ్రింక్ అని గ్లాసులో పోసుకుని తాగేవి ఇంకో రకం, అవి దీనికి పనికిరావు, పైగా చాలావాటిలో చక్కెర కలిపి ఉంటుంది. నేను వాడేది 200 మి.లీ. కార్టన్, జాబితాలో కొబ్బరి గుజ్జు రసం, నీళ్ళు, గ్వార్ గమ్ లాంటి ఒక చిక్కబరిచేది, అంతే. ఆ గమ్ చూసి కొంతమంది భయపడతారు గానీ అది గోరుచిక్కుడు జాతి గింజల నుంచి వచ్చేదే, అదుండబట్టే సూప్ వేడిలో పాలు తొందరగా విరగవు.

విప్పే ముందు బాగా ఊపండి. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కదా, అందుకని ఫ్రిజ్‌లో పెట్టిన కార్టన్ గానీ, డిసెంబర్ రాత్రుళ్ళు బయటే ఉంచింది గానీ మూల కత్తిరించి వంచితే ముందు పల్చటి నీళ్ళు వస్తాయి, మీగడ మొత్తం లోపల ఒక మూలకి ముద్దగా అంటుకుని ఉంటుంది. పాడైపోయిందని పారేయకండి, గోరువెచ్చటి నీళ్ళగిన్నెలో కాసేపు నిలబెట్టి ఊపితే కలిసిపోతుంది. వాసన మాత్రం చూడండి, పాడైన నూనె కంపు వస్తే అది వద్దు.

గుమ్మడికాయ దగ్గరికి వద్దాం. పెద్ద సూపర్ మార్కెట్లలో ఈమధ్య బటర్‌నట్ స్క్వాష్ పెడుతున్నారు, లేత గోధుమరంగులో సొరకాయలా మెడ ఉండే కాయ. అమెరికావాళ్ళు శరత్కాలంలో ఈ సూప్ చేసుకునేది ఎక్కువగా దానితోనే, బాగుంటుంది, కాదనను, కానీ మన గుమ్మడి కంటే ఎన్నో రెట్లు రేటు. మన తీపి గుమ్మడిలో చాలా రకాలు, ఆ బటర్‌నట్టూ ఒకే జాతి, కుకుర్బిటా మోస్కాటా. నేను పటమట రైతు బజార్‌లోనే కొంటాను. కాయ మొత్తం కొనక్కర్లేదు, కోసిన ముక్కలు పెడతారు, కోసి పెట్టిందైతే రంగు కూడా కనపడుతుంది. ముదురు నారింజ రంగు ఉండాలి, గింజలు నిండుగా లావుగా ఉండాలి, వేలితో నొక్కితే గట్టిగా ఉండాలి, లోపల పీచు తడితడిగా జారుతుంటే తీసుకోకండి. "బాబాయ్, ఇంకా ముదిరింది లేదా" అని అడిగితే కింద ఉన్నది తీసి కోసి చూపిస్తారు, "ఇది చూడమ్మా, ఎంత రంగుందో" అని ఆయనే మురిసిపోతూ. దసరా ముందు బజార్ నిండా గుట్టలుగా కనపడేది ఆయుధ పూజకి దిష్టి తీసే బూడిద గుమ్మడి, అది వేరే కాయ, వడియాలకి బాగుంటుంది గానీ ఈ సూప్‌కి కాదు.

ఇప్పుడు అసలు పని, కాల్చడం. ఎంత మంచి కార్టన్ కొన్నా గుమ్మడిని కుక్కర్లో ఉడకబెట్టి కలిపితే ఆ డబ్బులు దండగ, ఎందుకంటే మన గుమ్మడిలో నీరు ఎక్కువ, ఉడికిస్తే ఇంకా నీరు పట్టి చప్పగా అయిపోతుంది. ఓవెన్లో అయితే నీరు ఆవిరైపోయి తీపి దగ్గరపడుతుంది, అంచులు ఎర్రబడి ఆ కాలిన కమ్మదనం వస్తుంది, వెన్న లేదన్న లోటు తీర్చేది అదే. కిలో గుమ్మడికి చెక్కు తియ్యక్కర్లేదు, గింజలు తీసేసి పెద్ద ముక్కలుగా కోసి, వేరుశనగ నూనె రెండు చెంచాలు, ఉప్పు, మిరియాల పొడి రాసి, కోసిన వైపు ట్రేకి ఆనేలా పెట్టి 200 డిగ్రీల దగ్గర 40 నుంచి 45 నిమిషాలు. పక్కనే ఒక ఉల్లిపాయ నాలుగు ముక్కలు చేసి, పొట్టు తియ్యని వెల్లుల్లి రెబ్బలు ఐదారు వెయ్యండి, వెల్లుల్లి ముందే మెత్తబడుతుంది కాబట్టి సగంలో బయటికి తీసేయండి, మాడితే చేదు. అయిందో లేదో టైం చూసి కాదు, ముక్క చూసి చెప్పాలి. చెంచా గుచ్చితే ఆగకుండా దిగిపోవాలి, చెక్కు ముడతలు పడి తనంతట తానే లేవాలి, ట్రే అడుగున గుమ్మడి తీపి కారి గోధుమరంగు పాకంలా అంటుకుని ఉండాలి. ఆ పాకాన్ని వదలొద్దు, కాసిని వేడినీళ్ళు పోసి చెక్క గరిటెతో గీకి అది కూడా సూప్‌లో పోసేయండి, రుచి అక్కడే ఉంటుంది.

ఓవెన్ లేనివాళ్ళు మందపాటి ఇనప మూకుడులో ముక్కలు ఒకే వరసలో పేర్చి, ముందు పది నిమిషాలు మూతపెట్టి తర్వాత మూత తీసేసి మధ్య మంట మీద రెండువైపులా ఎర్రగా వేయించుకోవచ్చు, ఓవెన్ అంత రాదు గానీ ఉడకబెట్టిన దానికంటే చాలా నయం. ఎయిర్ ఫ్రయర్లో అయితే చిన్న ముక్కలు చేసి 180 దగ్గర ఇరవై నిమిషాల తర్వాత నుంచి చూస్తూ ఉండండి.

చెక్కు ఒలిచి, గుజ్జు, ఉల్లి, వెల్లుల్లి, చిన్న అల్లం ముక్క, రెండున్నర గ్లాసుల నీళ్ళు వేసి మెత్తగా తిప్పాలి. హ్యాండ్ బ్లెండర్ ఉంటే గిన్నెలోనే తిప్పేయొచ్చు, మిక్సీ అయితే బాగా చల్లారనివ్వండి, వేడివేడిగా మూత బిగించి తిప్పితే ఆవిరికి మూత ఎగిరి మొహం మీద పడుతుంది, పిల్లలు పక్కన తిరిగే ఇంట్లో ఇది మరీ జాగ్రత్త. తర్వాత పొయ్యి మీద పెట్టి పొంగు రానిచ్చి, మంట బాగా తగ్గించి, అప్పుడు కార్టన్ పొయ్యండి. పైన వేసుకోడానికి రెండు చెంచాలు ఆపుకోండి. పోశాక మళ్ళీ తెర్లనివ్వకూడదు, రెండు మూడు నిమిషాలు వేడెక్కితే చాలు. దోసెపిండి కన్నా కాస్త పల్చగా, గరిటె వెనకాల పట్టి నిలిచేలా ఉండాలి. ఇంతకీ గుమ్మడికి ఆ రంగు ఇచ్చే బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే ఏదో ఒక కొవ్వు ఉండాలి, ఆ పని కొబ్బరి పాలు చేస్తాయి.

రుచి విషయంలో ఒక ఫిర్యాదు వింటుంటాను, గుమ్మడీ తీపే కొబ్బరీ తీపే, కలిపితే పాయసంలా ఉందని. నిజమే, ఉప్పు తక్కువేసి వదిలేస్తే అలాగే ఉంటుంది. దించాక అరచెక్క నిమ్మరసం పిండండి, చిటికెడు జాజికాయ పొడి, కొంచెం ఎక్కువ మిరియాలు. పైన మాత్రం నేను గుంటూరు సన్నం మిరపకాయలు కచ్చాపచ్చాగా దంచి గోరువెచ్చటి నూనెలో వేసి ఆ ఎర్రటి నూనె చుక్కలు చుక్కలుగా వేస్తాను. పిల్లల గిన్నెల్లో అది మానేసి, గుమ్మడి గింజలు కడిగి ఆరబెట్టి వేయించినవి చల్లుతాను. తెల్లటి కొబ్బరి పాలు, ఎర్ర నూనె, కింద నారింజ రంగు, బయట వాన పడుతుంటే ఆ గిన్నె చేతిలో పట్టుకుంటే ఎంత బాగుంటుందో చెప్పలేను. బ్రెడ్ ఇస్తే మాత్రం బ్రెడ్ ప్యాకెట్ కూడా చదవండి, చాలా బ్రెడ్‌లలో పాలపొడి ఉంటుంది, సూప్ క్యూబుల్లో కూడా ఉండొచ్చు.

ఇంట్లో పిండిన కొబ్బరి పాలతో పోలిస్తే? వాసనలో ఇంటివే గొప్ప, అందులో డౌటే లేదు, ముదురు కాయ దొరికి మొదటి పాలు చిక్కగా పిండితే కూరలకి, కొబ్బరి అన్నానికి నేను అవే వాడతా. సూప్‌లో మాత్రం ఒక కాయకీ ఇంకో కాయకీ చిక్కదనం మారిపోతుంది, కొంచెం మంట ఎక్కువైతే విరిగి నూనె పైకి తేలుతుంది. ఇంకో దారి జీడిపప్పు. వేటపాలెం వైపు నుంచి వచ్చే బద్దలు, ముక్కలు గుండు జీడిపప్పు కన్నా తక్కువకి వస్తాయి, గుప్పెడు వేడినీళ్ళల్లో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బి కలిపితే కొబ్బరి వాసన గిట్టనివాళ్ళకి అది చాలా బాగుంటుంది, నిజం చెప్పాలంటే హోటల్ క్రీమ్‌కి దగ్గరగా ఉండేది ఇదే. కానీ జీడిపప్పు పడని పిల్లలు కూడా ఉంటారు, పిల్లల స్నేహితులు వచ్చినప్పుడు అడక్కుండా పెట్టకండి.

కార్టన్‌తో నాకు నచ్చనివి కూడా చెప్పాలి. కిలో గుమ్మడికి ఒక కార్టన్ సరిపోతుంది, నలుగురికి వస్తుంది, అదే ఎనిమిది మంది ఉంటే రెండు కావాలి, రేటు కొబ్బరికాయ ధరతో చూస్తే ఎక్కువే. మూతలేని కార్టన్లు విప్పితే మళ్ళీ మూయడానికి ఉండదు, సగం వాడి ఫ్రిజ్ తలుపులో పెడితే చుట్టుపక్కల వాసనలన్నీ పట్టేస్తుంది. పదార్థాల జాబితా మీదే రేటు స్టిక్కర్ అంటించి కప్పేసినవి కూడా కనపడ్డాయి, అలాంటిది చేతికొస్తే వేరేది అడగండి, చదవలేని ప్యాకెట్ ఎలర్జీ పిల్లలున్న ఇంటికి వద్దు.

విప్పిన కార్టన్ మిగిలితే ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్లో పెట్టేయండి, గడ్డకట్టాక జిప్ కవర్లో వేసి ఉంచుకుంటే తర్వాతిసారి కావలసినన్ని గడ్డలు వేసుకోవచ్చు, కరిగాక విడిపోయినట్టు కనపడుతుంది గానీ వేడి సూప్‌లో కలిపితే సర్దుకుంటుంది. సూప్ మిగులుతుందనిపిస్తే కొబ్బరి పాలు కలపకముందే గుజ్జు ఒక డబ్బా పక్కన తీసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మర్నాటికి బాగుంటుంది, అక్క గుంటూరు వెళ్ళేటప్పుడు నేను ఇచ్చి పంపేది కూడా ఆ గుజ్జు డబ్బా, విప్పని కార్టన్ ఒకటి.