యానిమేకు మనుషుల్ని పెట్టి తీస్తే: బెబాప్, వన్ పీస్, కెన్షిన్... ఏ దారి మేలు?

2021 నవంబరు 19న నెట్‌ఫ్లిక్స్‌లో జపాన్ బొమ్మల సిరీస్ (యానిమే) ఆధారంగా నటులతో తీసిన ‘కౌబాయ్ బెబాప్’ లైవ్ యాక్షన్ సిరీస్ పది భాగాలూ ఒకేసారి విడుదలయ్యాయి. మూడు వారాలు తిరక్కుండానే, డిసెంబరు 9న, దానికి రెండో సీజన్ ఉండదని తేలిపోయింది. అదే వేదిక మీద, అదే టుమారో స్టూడియోస్ నిర్మాణంలో, 2023 ఆగస్టు 31న ‘వన్ పీస్’ ఎనిమిది భాగాలు వచ్చాయి. రెండు వారాలకే రెండో సీజన్ ఖాయమైంది. ఎంచుకున్న మూలకథలు రెండూ అభిమానులు గుండెల్లో పెట్టుకున్నవే. అయినా ఒకటి నిలిచింది, ఒకటి నిలవలేదు. దీని కారణం అర్థం కావాలంటే ఈ రెండింటి పక్కన మూడోదాన్ని కూడా పెట్టి చూడాలి. అది జపాన్‌లోనే 2012 నుంచి 2021 వరకు ఐదు సినిమాలుగా వచ్చిన ‘రురౌని కెన్షిన్’. నా తీర్పు ముందే చెబుతాను: మూడింటిలో కెన్షిన్ దారి మేలు, వన్ పీస్ దారి దాని తర్వాతది, బెబాప్ దారి ఎవరూ మళ్ళీ తొక్కకూడనిది.

అభిమానుల మధ్య ఈ చర్చ వచ్చినప్పుడల్లా “మూలానికి కట్టుబడ్డారా, లేదా?” అన్న ఒక్క ప్రశ్న చుట్టూనే వాదన తిరుగుతుంది. ఆ కొలబద్దతో చూస్తే బెబాప్ ఎందుకు పోయిందో అర్థం కాదు, ఎందుకంటే పైకి కనిపించేవాటిలో అది మూలానికి బాగానే కట్టుబడింది. టైటిల్ దృశ్యాలను దాదాపు షాటుకు షాటు తిరిగి తీశారు. మూలానికి ప్రాణం పోసిన సంగీత దర్శకురాలు యోకో కన్నోనే మళ్ళీ పిలిచారు. కథానాయకుడు స్పైక్ నీలం సూటు, పసుపు చొక్కా, రేగిన జుట్టు అన్నీ ఉన్నాయి. లేనిది వేరే ఉంది. అదేమిటో చెప్పాలంటే యానిమే ఏ పనిముట్లతో కథ చెబుతుందో ముందు చూడాలి.

1963లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ని వారం వారం టీవీకి ఇవ్వడానికి పూనుకున్నప్పుడు, సెకనుకు 24 ఫ్రేములకూ కొత్త బొమ్మలు గీయించే స్తోమత గాని, వ్యవధి గాని ఆయన సంస్థకు లేవు. అందుకని ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపారు, మాట్లాడేటప్పుడు పెదవులు మాత్రమే కదిలించారు, కదలని బొమ్మ మీద కెమెరాను జరిపారు. పొదుపు కోసం పుట్టిన ఈ పద్ధతి తర్వాతి దర్శకుల చేతుల్లో ఒక భాషగా మారింది. కత్తి దూసే ముందు వీరుడు పది సెకన్లు శిలలా నిలబడతాడు. జుట్టు మాత్రం గాలికి ఊగుతుంది. కణత మీద ఒక చెమట చుక్క జారుతుంది. లోపలి మాట మనకు వినిపిస్తుంది. ఆ పది సెకన్లలో కాలం ఆగిందని మనం నమ్ముతాం. అదే పని బతికున్న నటుడు చేస్తే, అతని ఛాతీ ఆడుతుంది, రెప్ప పడుతుంది, ఎదుటివాడు ఎందుకు కొట్టకుండా ఊరుకున్నాడన్న అనుమానం వస్తుంది. గీసిన మనిషిని ఆపడం సులువు. ఊపిరి పీల్చే మనిషిని ఆపితే సన్నివేశం చచ్చిపోతుంది.

రెండో చిక్కు రంగుది. యానిమేలో కొండ, జుట్టు, కత్తి, కన్నీరు అన్నీ ఒకే రకం గీతతో, ఒకే రకం రంగుతో వచ్చినవి కాబట్టి గులాబీ జుట్టు ఎవరికీ వింతగా తోచదు. కెమెరా ముందు నిజమైన చర్మం, నిజమైన వెలుగు ఉంటాయి. వాటి పక్కన ఆ జుట్టు విగ్గుగానే కనబడుతుంది. సురభి నాటకంలో తెర మీద రంగులతో రాసిన కోట ముందు అట్టకిరీటం పెట్టుకున్న రాజును మనం ఇబ్బంది లేకుండా ఒప్పుకుంటాం, ఎందుకంటే అక్కడ కోటా కిరీటమూ పద్యమూ ఒకే లోకానికి చెందినవి. అదే కిరీటంతో ఆయన రైల్వే ప్లాట్‌ఫారం మీద నిలబడితే కథ మారిపోతుంది. యానిమే రూపాంతరాల్లో చాలావాటికి జరిగేది ఇదే.

ఇప్పుడు బెబాప్ సంగతి. దర్శకుడు షినిచిరో వతనబే తీసిన 1998 నాటి మూలంలో ఐదో భాగం చివర స్పైక్ చర్చి కిటికీలోంచి వెనక్కి పడిపోయే ఘట్టం ఉంది. పగిలిన రంగుటద్దాల మధ్య అతను పడుతున్నంతసేపూ గతం ముక్కలు ముక్కలుగా మెరుస్తుంది: ఒక స్త్రీ, ఒక తుపాకీ, రక్తం. ఆమె ఎవరో, వీళ్ళ మధ్య ఏం జరిగిందో ఒక్క వాక్యంలోనూ చెప్పరు. విషస్ అనే ప్రతినాయకుడు 26 భాగాల్లో కొన్నింటిలోనే కనిపిస్తాడు. ఆ మెరుపుల్లోని స్త్రీ జూలియా అంతకన్నా అరుదు. తెలియనిదాన్ని తెలియనట్టే ఉంచడం వల్లనే స్పైక్ నవ్వు వెనక ఉన్న బరువు మనకు తగులుతుంది.

లైవ్ యాక్షన్ సిరీస్ సరిగ్గా ఆ ఖాళీలను చూసి భయపడింది. మూలంలో ఇరవై నాలుగు నిమిషాల్లో ముగిసే భాగం ఇక్కడ ముప్పావు గంట వరకు సాగుతుంది. పెరిగిన నిడివిని విషస్, జూలియాల సంసారంతో, సిండికేట్ అనే నేరగాళ్ళ ముఠా లోపలి కుట్రలతో నింపారు. ఆఖరి భాగంలో అదే చర్చి వస్తుంది, అదే కిటికీ వస్తుంది, స్పైక్ మళ్ళీ పడతాడు. కాని ఈసారి కాల్చేది జూలియా, ఎందుకు కాల్చిందో కూడా ఆమే వివరంగా చెబుతుంది. స్పైక్‌గా వేసిన జాన్ చో మంచి నటుడు, ఆ పాత్ర కోసం ఒళ్ళు వంచి కష్టపడ్డాడని ప్రతి పోరాటంలోనూ తెలుస్తూనే ఉంటుంది. చూస్తున్నప్పుడు నాకు బాధ కలిగించింది అదే: అంత శ్రమా ఆకారం దగ్గరే ఆగిపోయింది. ఆ సిరీస్‌కు సలహాదారుగా పేరున్న వతనబే, పరిశీలనకు పంపిన దృశ్యాల్లో మొదట వచ్చే కాసినో ఘట్టం దగ్గరే ఇక చూడలేక ఆపేశానని 2023లో చెప్పారు. తన పేరుతో ముడిపడిన పని గురించి ఒక దర్శకుడు అంతమాట అన్నాడంటే, సంప్రదింపు కాగితం మీదే మిగిలిందనుకోవాలి.

2017లో స్కార్లెట్ జొహాన్సన్‌తో తీసిన ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ కూడా ఈ కోవలోదే. మమోరు ఒషీ 1995 చిత్రంలోని ప్రసిద్ధ దృశ్యాలు, నీళ్ళలో అదృశ్యంగా సాగే పోరాటంతో సహా, అందంగా తిరిగి వచ్చాయి, కాని “నేను అంటే ఏమిటి?” అన్న మూలప్రశ్న పోయి “నా గతాన్ని ఎవరు దొంగిలించారు?” అన్న మామూలు ప్రశ్న మిగిలింది. అదే ఏడాది ‘డెత్ నోట్’ను జపాన్ నుంచి సియాటిల్‌కు తరలించినవారు మరో రకం పొరపాటు చేశారు, నిబ్బరమే ఆయుధంగా ఉన్న కుర్రవాణ్ని మృత్యుదేవత కనబడగానే కేకలు పెట్టేవాడిగా మార్చారు. ఊరు మార్చడం తప్పు కాదు. మనిషి స్వభావాన్ని మార్చాక కథ మాత్రం అలాగే నడవాలనుకోవడం తప్పు.

వన్ పీస్ దగ్గర పరిస్థితి ఇంకా కష్టం. రబ్బరు ఒళ్ళున్న కుర్రవాడు లూఫీ, చేపమనుషులు, నత్త రూపంలో ఉండే ఫోన్లు: ఎయిచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన ఈ మాంగాను (జపాన్ కామిక్స్ కథను) మనుషులతో తీయడం అసాధ్యమని చాలామంది అనుకున్నారు, వారిలో నేనూ ఉన్నాను. ఈ సిరీస్ చేసిన మొదటి మంచి పని ఒకే లోకాన్ని కట్టడం. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఓడలనూ ఊళ్ళనూ నిజంగా నిర్మించారు. ఎక్కి నిలబడగలిగే ఓడ మీద గడ్డిటోపీ పెట్టుకున్న కుర్రవాడు ఉంటే ఆ టోపీ వేషంలా అనిపించదు. రెండో మంచి పని ఏది వదలాలో తెలుసుకోవడం. లూఫీ తోటివాళ్ళలో ఉసోప్ పొడుగు ముక్కు, శాంజి సుడి కనుబొమ్మ మొదటి సీజన్‌లో లేవు. మాంగాలో పెద్ద శత్రువైన డాన్ క్రీగ్‌ను దాదాపుగా పక్కకు నెట్టి, చేపమనిషి ఆర్లాంగ్‌ను ముందే రంగంలోకి దింపారు. యానిమేలో సుమారు 45 భాగాలు పట్టిన దాదాపు 95 అధ్యాయాల కథ ఇక్కడ ఎనిమిది భాగాల్లో సర్దుకుంది. యానిమేలో సాగదీతకు అలవాటు పడినవారికి ఈ వేగం కొత్తే, కాని నటులకు ఇదే సరైన వేగం.

దీని పరీక్ష లూఫీ బృందంలోని నామి ఘట్టంలో ఉంది. తన భుజం మీది ఆర్లాంగ్ పచ్చబొట్టును నామి కత్తితో పొడుచుకుంటూ ఉంటుంది. లూఫీ ఆ చెయ్యి పట్టి ఆపుతాడు. ఆమె సాయం చెయ్యమని అడుగుతుంది. అతను ఎవరికీ ముట్టుకోనివ్వని టోపీని తీసి ఆమె తల మీద పెడతాడు. యానిమేలో ఈ ఘట్టమంతా ఆగిన బొమ్మల మీద, గుండెలు పగిలేలా లేచే సంగీతం మీద, చివర లూఫీ పెట్టే కేక మీద నిలబడుతుంది. లైవ్ యాక్షన్‌లో నామిగా వేసిన ఎమిలీ రడ్ ముఖమే దాన్ని మోసింది. అప్పటిదాకా ఎవరినీ ఏమీ అడగని మనిషి అడగడం నేర్చుకునే క్షణం అది. దానికి గీత అక్కర్లేదు, ముఖం ఉంటే చాలు. లూఫీ చెయ్యి సాగి కొట్టే దెబ్బలు మాత్రం బొమ్మలో ఉన్నంత బలంగా తగలవు. తీసినవారికీ అది తెలుసు కాబట్టే కాబోలు వాటిని పొదుపుగా వాడారు.

ఓడా పాత్ర ఇక్కడ పేరుకు మాత్రమే కాదు. తనకు తృప్తి కలిగేదాకా విడుదల చేయబోమని నెట్‌ఫ్లిక్స్ మాట ఇచ్చిందని, తనకు నచ్చని కొన్ని సన్నివేశాలను తిరిగి తీశారని 2023లో ఆయన అభిమానులకు రాసిన లేఖలో ఉంది. అందులోనే ఇంకా విలువైన మాట ఒకటి ఉంది: స్క్రిప్టులో కొన్ని మాటలు లూఫీ అనేవిలా లేవని తనకు అనిపించిందని, లూఫీగా వేసిన ఇన్యాకి గొడోయ్ నోట విన్నాక అవి సరిగ్గా ఉన్నాయని మనసు మార్చుకున్నానని ఆయన చెప్పారు. తాను ఎన్నో ఏళ్ళుగా గీస్తున్న పాత్ర గురించి ఒక నటుడి నుంచి కొత్త విషయం తెలుసుకోవడానికి సిద్ధపడిన సృష్టికర్త దొరకడం ఈ సిరీస్ అదృష్టం.

మరి కెన్షిన్ ఎందుకు మేలు? వన్ పీస్ బొమ్మకు దగ్గరగా రావడానికి ప్రయత్నించి గెలిచింది. కెన్షిన్ బొమ్మ చేయలేనిదాన్ని చేసి చూపించింది. దర్శకుడు కెయిషి ఓటొమో అంతకుముందు 2010లో జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వారి చారిత్రక ధారావాహిక ‘ర్యోమదెన్’ తీసినవాడు. కెన్షిన్‌గా నటించిన టకేరు సటో అందులో హంతకుడైన ఖడ్గవీరుడు ఒకాడా ఇజో పాత్ర వేశాడు. అంటే ఇద్దరూ ఆ కాలపు దుమ్ములో అప్పటికే తిరిగినవారు. సినిమాలో బట్టలు నలిగి ఉంటాయి, అంచులు మాసి ఉంటాయి. జుట్టు ఎరుపు దాదాపు గోధుమరంగుకు తగ్గింది. పేరు పెట్టి ఎత్తుగడ అరిచే అలవాటును చాలావరకు వదిలేశారు. 1878 నాటి జపాన్ ముందుగా నమ్మదగినదిగా నిలబడింది, అందులోకి, ఒకప్పుడు హంతకుడై ఇక చంపనని ఒట్టేసుకున్న ఖడ్గవీరుడు కెన్షిన్ వచ్చాడు.

అసలు పని యాక్షన్ దర్శకుడు కెంజి టనిగాకిది. హాంకాంగ్ సినిమాల్లో పనిచేసిన ఆయన, యానిమేలో ఒక గీతగా మాయమై ఎదుటివాడి వెనక తేలే వీరుడి వేగాన్ని మనిషి కాళ్ళలోకి దించాడు. సటో నేలకు ఒరిగినంత వాలులో పరుగెత్తుతాడు, మలుపు దగ్గర జారతాడు, గోడను తన్ని దిశ మారుస్తాడు, ఆగడమన్నది లేదు. బొమ్మకు ఆగడం బలమైతే, మనిషికి ఆగకపోవడం బలమని ఈ సినిమాలు గుర్తించాయి. కెన్షిన్‌ది పదును తలకిందులుగా ఉన్న కత్తి కాబట్టి ప్రతి దెబ్బా కోయదు, మోదుతుంది. ఆ మోదడం బరువుగా వినిపించినప్పుడే “చంపను” అన్న ఒట్టుకు ఎంత ఖరీదు చెల్లిస్తున్నాడో మనకు తెలుస్తుంది. 2014 నాటి రెండో సినిమాలో శత్రుపక్షపు ఖడ్గవీరుడు సొజీరోగా ర్యునోసుకే కమికి పెదవుల మీద చిరునవ్వు చెదరనివ్వడు. గీసిన ముఖం మీద ఆ నవ్వు ఒక గుర్తు మాత్రమే. నిజమైన ముఖం మీద అదే నవ్వు నిమిషాల తరబడి నిలిచి ఉంటే లోపల ఏదో విరిగిపోయిందని తెలిసి వెన్ను జలదరిస్తుంది.

2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. యానిమేను తెలుగులోనే మొదటిసారి చూస్తున్న ప్రేక్షకులు పెరుగుతున్నారు కాబట్టి వీటిని ఏ వరసలో చూడాలన్న ప్రశ్న నన్ను తరచు అడుగుతున్నారు. బెబాప్‌కు 1998 మూలం ఒక్కటే చాలు. వన్ పీస్‌కు ఎనిమిది భాగాల మొదటి సీజన్‌తో మొదలుపెట్టి నచ్చితే యానిమేలోకి వెళ్ళవచ్చు. వెయ్యికి పైగా భాగాలను చూసి జంకేవారికి అది మంచి గుమ్మం. కెన్షిన్ సినిమాలు మాత్రం మూలం చూసినా చూడకపోయినా వాటంతట అవే నిలబడతాయి.

అయితే కెన్షిన్ దారిలోనూ పూడ్చలేని లోటు ఒకటి ఉంది. 2021లో అన్నిటికన్నా చివర వచ్చిన ‘ద బిగినింగ్’ కథాక్రమంలో అన్నిటికన్నా ముందుది. కెన్షిన్ చెంప మీది గాటులో రెండో గీత అతని భార్య టొమోయే చేతి కత్తిదని చెప్పే సినిమా అది. మాంగాలో అప్పటి కెన్షిన్‌కు పదిహేనేళ్ళకు అటూ ఇటూ వయసు. రాత్రుళ్ళు వీధుల్లో మనుషుల్ని నరికి వస్తున్నది ఇంకా గడ్డం రాని పిల్లవాడన్నదే ఆ కథలోని సగం శోకం. సినిమా విడుదలయ్యే నాటికి సటోకు 32 ఏళ్ళు. మంచులో టొమోయే ఒరిగిపోయే ఘట్టాన్ని అతను ఎంతో నిశ్శబ్దంగా, ఎంతో నిగ్రహంతో చేశాడు, టొమోయేగా కసుమి అరిమురా అతనికి సరిసాటిగా నిలిచింది, నేను చూసిన లైవ్ యాక్షన్ ఘట్టాల్లో అది అత్యుత్తమం. కాని అక్కడ ఏడుస్తున్నది ఒక పెద్దమనిషి. గీతలో ఉన్న ఆ పిల్లవాడి ముఖం సినిమాలో లేదు.